పోర్టు మార్చు.. నోటు తీయ్!

లాప్‌టాప్ మీద పాట కట్టుకుందామనుకున్న కుర్రాడికి మొదట ఎదురయ్యే పరీక్ష రాగమూ కాదు, తాళమూ కాదు. కన్నం! లాప్‌టాప్ పక్కన ఉండే కన్నం. సౌండ్ కార్డ్ కొనాలి. సరే. ఏ కన్నంలో దూరేది కొనాలి? యూఎస్‌బీ 2.0 కొనాలా, 3.0 కొనాలా? టైప్-సీనా, థండర్‌బోల్టా? చవగ్గా వస్తోంది కదాని సెకండ్ హ్యాండ్ ఫైర్‌వైర్ పెట్టె తెచ్చుకుంటే కొంప మునుగుతుందా? మునుగుతుంది. ఆ కథ తర్వాత చెప్పుకుందాం.

ఈ సౌండ్ కార్డ్ అసలు పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. మన స్టూడియోల్లో మాత్రం ఇప్పటికీ సౌండ్ కార్డే. మైకు నుంచో గిటార్ నుంచో వచ్చిన సిగ్నల్‌ని అంకెలుగా మార్చి లాప్‌టాప్‌కి పంపాలి. లాప్‌టాప్ ఇచ్చిన అంకెల్ని మళ్ళీ శబ్దం చేసి హెడ్‌ఫోన్‌కి ఇవ్వాలి. అంతే దాని ఉద్యోగం. ఈ మాత్రం ఉద్యోగానికి ముప్ఫై ఏళ్ళలో ఎన్ని తీగలు మార్చారో, ఎన్ని పేర్లు పెట్టారో, ఒక్కో మార్పుకి మన జేబులోంచి ఎంత లాగారో లెక్క తీస్తే పాట రాదు, ఏడుపొస్తుంది.

సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠీ గల్లీల్లోనో అడిగి చూడండి. సంభాషణ ఇలా సాగుతుంది.

"అన్నా, రికార్డింగ్‌కి సౌండ్ కార్డ్ కావాలె. లేటెన్సీ ఉండొద్దు."

"ఇది తీస్కో అన్నా. టైప్-సీ. మస్తు ఫాస్ట్."

"లేటెన్సీ ఎంతుంటది?"

"అసలుండదన్నా! టైప్-సీ అంటున్న గదా!"

"మరి డ్రైవర్?"

"ప్లగ్ అండ్ ప్లే అన్నా. డ్రైవర్‌తోని పనే లేదు."

మూడు జవాబులు. మూడూ తప్పే. అయినా ఆ దుకాణం కుర్రాణ్ణి తిట్టి ఏం లాభం? డబ్బా మీద ఏం రాసుందో అదే చదివాడు. డబ్బా మీద రాసినవాడు ఎక్కడో ఏసీ గదిలో ఉన్నాడు. వాడికి నిజం తెలుసు. తెలిసే రాశాడు.

లెక్క చూద్దాం. ఒక చానల్ ఆడియో. 24 బిట్లు, సెకనుకి 48,000 శాంపిళ్ళు. గుణించండి. సెకనుకి 11.52 లక్షల బిట్లు, అంటే దాదాపు 1.15 మెగాబిట్లు. ఇంట్లో కూర్చుని పాడుకునేవాడికి రెండు చానళ్ళు లోపలికి, రెండు బయటికి. అన్నీ కలిపినా 4.6 మెగాబిట్లు. 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 సామర్థ్యం ఎంత? 480 మెగాబిట్లు! కాగితం మీది 480 మొత్తం చేతికి రాదు, నిజమే. సగమే వస్తుందనుకోండి. అయినా మీ గొంతు దానికి ఏ మూలకి? పద్దెనిమిది లోపలికి, ఇరవై బయటికి ఉన్న పెద్ద పెట్టె తగిలించినా 44 మెగాబిట్లు దాటదు. మరి సెకనుకి 40 గిగాబిట్లు మోసే తీగ ఎవరికి అమ్ముతున్నారండీ? పడగ్గదిలో పరుపు గోడకి ఆనించి కవర్ సాంగ్ పాడుకునే పిల్లాడికా?

"స్పీడు ఎక్కువైతే లేటెన్సీ తగ్గుతుంది కదా?" అని అడుగుతారు. అదిగో, ఆ ఒక్క అపోహ మీదే ఈ వ్యాపారం మేడలు కట్టింది.

లేటెన్సీ అంటే మీరు పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్ళి మళ్ళీ మీ చెవికి చేరేసరికి పట్టే ఆలస్యం. అది ఎక్కువగా పుట్టేది తీగలో కాదు, బఫర్‌లో. లాప్‌టాప్ శాంపిళ్ళని ఒక్కొక్కటిగా తీసుకోదు. కొన్ని పోగయ్యాక ఒక్కసారిగా తీసుకుంటుంది. ఎన్ని పోగవ్వాలన్నది సెట్టింగుల్లో మీరే పెడతారు. 48,000 దగ్గర 64 శాంపిళ్ళ బఫర్ అంటే 1.3 మిల్లీసెకన్లు. 256 పెడితే 5.3. 1024 పెడితే 21.3. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, అంటే రెండింతలు. దాని మీద సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్ తినే కాలం. ఆ పైన, ఎందుకైనా మంచిదని డ్రైవర్ రాసినవాడు లోపల చాటుగా పెట్టుకున్న అదనపు బఫర్. ఈ చాటు బఫర్ ఎంతో డబ్బా మీద ఎప్పుడైనా చూశారా? "5 గిగాబిట్లు" అని మాత్రం బంగారు అక్షరాలతో ఉంటుంది.

బఫర్ తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ ప్రాసెసర్‌కి ఊపిరాడక టప్ టప్‌మని చప్పుళ్ళు మొదలవుతాయి. పెంచితే చప్పుళ్ళు పోతాయి, కానీ మీ గొంతు మీకే పక్క వీధిలోంచి వినిపిస్తుంది. ఎంత చిన్న బఫర్‌లో ఎంతసేపు నిబ్బరంగా నిలబడగలదన్నదే సౌండ్ కార్డ్ అసలు పస. ఆ పస డ్రైవర్‌ది. యూఎస్‌బీ 2.0 మిల్లీసెకనుకి ఎనిమిది సార్లు సరుకు అందిస్తుంది. అంతకన్నా తొందర మీకెందుకు? మంచి డ్రైవరున్న యూఎస్‌బీ పెట్టెకీ, మంచి థండర్‌బోల్ట్ పెట్టెకీ మధ్య తేడా సాధారణంగా ఒకటో రెండో మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే మీరు అదనంగా వేలకు వేలు పోసి కొన్న ఘనత, కుర్చీని స్పీకర్ వైపు రెండడుగులు జరుపుకుంటే ఉచితంగా వస్తుంది. జరుపుకోండి!

ఇంకో ఉచిత సౌకర్యం కూడా ఉంది. చాలా పెట్టెల ముందు వైపు "డైరెక్ట్ మానిటర్" అని ఒక బుల్లి మీట ఉంటుంది. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్ గడప తొక్కకుండానే నేరుగా హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. ఆలస్యం దాదాపు సున్నా. ప్లగిన్ ఎఫెక్టులు వినిపించవు, అంతే తేడా. డబ్బింగ్ చెప్పేవాళ్ళకీ, మామూలుగా గొంతు రికార్డ్ చేసుకునేవాళ్ళకీ ఇదే చాలు. ఆ మీట సంగతి మీకు అమ్మేటప్పుడు ఎవరైనా చెప్పారా? ఎందుకు చెబుతారు? చెబితే దాని పక్కనున్న ఖరీదైన పెట్టె ఎవరు కొంటారు?

ఇక ప్లగ్ అండ్ ప్లే మహత్యం. యూఎస్‌బీ ఆడియో పరికరాలు ఎలా మాట్లాడుకోవాలో రెండో తరం నియమావళి 2006లోనే రాశారు. యాపిల్ 2010లో తన మ్యాక్‌లో పెట్టింది. మరి ప్రపంచంలో అత్యధిక లాప్‌టాప్‌లను ఏలే విండోస్? 2017 ఏప్రిల్‌లో! పదకొండేళ్ళు ఎవరి నిద్రలో గడిచాయి? పెట్టాక మాత్రం? ఆ డ్రైవర్ పాటలు వినడానికి బాగానే ఉంటుంది, వాయిస్తూ వినడానికి చాలదు. విండోస్ మీద సంగీతం చేసేవాడు ఇవాళ్టికీ 1997లో స్టైన్‌బర్గ్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్ సంస్థ తెచ్చిన ఏషియో అనే డ్రైవర్ పద్ధతి మీదే బతుకుతున్నాడు. లక్షల కోట్ల మైక్రోసాఫ్ట్‌కి ఆ పని ముట్టుకునే తీరిక పాతికేళ్ళు దొరకలేదు. 2024లో "మేమూ చేస్తున్నాం" అని ఒక ప్రకటన మాత్రం వచ్చింది. చప్పట్లు!

చవక కంపెనీలు ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివాయి. డ్రైవర్ రాయించడానికి డబ్బెందుకు దండగ? "ఏషియో ఫర్ ఆల్ దించుకోండి" అని ఒక చీటీ పెట్టేస్తే సరి. అది వేరెవరో రాసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్. పెట్టె అమ్మేది వీళ్ళు. కష్టపడ్డది ఇంకొకరు. బిల్లు కట్టేది మీరు.

టైప్-సీ భాగోతానికొద్దాం. టైప్-సీ అన్నది కన్నం ఆకారం. అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువ కాదు. 2014లో ఆ ఆకారం వచ్చింది. ఆ కన్నం వెనక యూఎస్‌బీ 2.0 ఉండొచ్చు, 5 గిగాబిట్లు ఉండొచ్చు, 10 ఉండొచ్చు, 40 గిగాబిట్ల థండర్‌బోల్ట్ ఉండొచ్చు. ఉత్త చార్జింగే ఉండొచ్చు. బయటికి అన్నీ ఒకటే. ఇంటి స్టూడియోల్లో ఎక్కడ చూసినా కనిపించే ఆ ఎర్ర పెట్టె, ఫోకస్‌రైట్ స్కార్లెట్, 2019 తరం నుంచి టైప్-సీ కన్నంతో వస్తోంది. లోపల? యూఎస్‌బీ 2.0! తప్పేం లేదు, దానికి అది చాలు. కంపెనీ కూడా దాచలేదు. కానీ కన్నం చూపించి స్పీడు అమ్మే మధ్యవాళ్ళ నోటికి తాళం ఎవరు వేస్తారు?

దీనికి తిరగేసిన మోసం ఇంకోటుంది. థండర్‌బోల్ట్ పెట్టె తెచ్చాడు పాపం ఒకడు. లాప్‌టాప్‌కి సీ కన్నం ఉంది. తీగ పెట్టాడు. చక్కగా దూరింది. క్లిక్‌మంది. లాప్‌టాప్ గుర్తుపట్టిందా? లేదు. కేబుల్ మార్చాడు. లేదు. రీస్టార్ట్ కొట్టాడు. లేదు. ఆ కన్నం పక్కన బాణంలాంటి మెరుపు గుర్తు లేదు మరి! చాలా లాప్‌టాప్‌ల్లో ఆ గుర్తు లేకపోతే థండర్‌బోల్ట్ ఉన్నట్టు లెక్కలేదు. ఒకే రకం కన్నం తెచ్చి జనం తిప్పలు తీరుస్తామన్న పెద్దమనుషులు ఇప్పుడు మన చేతికి భూతద్దం ఇచ్చి గుర్తులు వెతుక్కోమంటున్నారు.

పేర్ల గోల అడక్కండి. 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది, 5 గిగాబిట్లు. 2013లో అదే 5 గిగాబిట్లకి యూఎస్‌బీ 3.1 జెన్ 1 అని పేరు పెట్టారు. 2017లో అదే 5 గిగాబిట్లకి యూఎస్‌బీ 3.2 జెన్ 1 అన్నారు. తీగ మారలేదు, వేగం మారలేదు, డబ్బా మీద అంకె పెరిగింది. ప్రభుత్వం మారగానే పాత పథకానికి కొత్త పేరు పెట్టి, కొత్త ఫొటో అంటించి, మళ్ళీ రిబ్బన్ కత్తిరించే విద్య మన నాయకుల సొంతం అనుకున్నామే! చివరికి 2022లో, ఈ పేర్లు పెట్టిన యూఎస్‌బీ సంఘమే, ఈ పేర్లు జనానికి అర్థం కావడం లేదు, డబ్బా మీద వేగం అంకె వేయండి చాలు అంది. పద్నాలుగేళ్ళకి తెల్లారింది.

ఇప్పుడు ఫైర్‌వైర్. ఈ కథ నవ్వుతూ మొదలుపెట్టినా నవ్వుతూ ముగించలేం.

1995లో ప్రమాణంగా వచ్చింది. 400 మెగాబిట్లు. యాపిల్ నెత్తిన పెట్టుకుంది. 2001లో దానికి ఎమ్మీ ఇంజినీరింగ్ పురస్కారం కూడా అందుకుంది. ఆ రోజుల్లో స్టూడియో పెద్దల మాట ఒకటే: "యూఎస్‌బీ మౌస్‌కి తమ్ముడూ, మ్యూజిక్‌కి ఫైర్‌వైర్." నిజంగానే మంచి తీగ. ప్రాసెసర్‌ని పెద్దగా వేధించదు. ఒకదాని వెనక ఒకటి పెట్టెలు కలుపుకోవచ్చు. ఆరు పిన్నుల కేబుల్ అయితే కరెంటూ అదే ఇస్తుంది. అప్పు చేసి మరీ కొన్నారు జనం. విండోస్ లాప్‌టాప్ వాళ్ళకి అందులోనూ గండమే: కరెంటు ఇవ్వని నాలుగు పిన్నుల కన్నం. పైగా లోపలి చిప్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది కాకపోతే చప్పుళ్ళ జాతర. ఏ చిప్పో లాప్‌టాప్ ప్రకటనలో రాసేవాళ్ళా? కొన్నాక తెలిసేది. అప్పుడు పక్కనున్న ఎక్స్‌ప్రెస్ కార్డ్ కన్నంలో ఇంకో కార్డు కొని గుచ్చుకునేవాళ్ళు. ఆ కన్నమూ కొన్నాళ్ళకి మాయం.

2008 అక్టోబర్‌లో కొత్త అల్యూమినియం మ్యాక్‌బుక్ వచ్చింది. ఫైర్‌వైర్ లేదు! ఎమ్మీ తెచ్చిపెట్టిన కన్నాన్ని తెచ్చుకున్నవాళ్ళే పూడ్చేశారు. జనం గగ్గోలు పెడితే మరుసటేడు అదే 13 అంగుళాల యంత్రానికి "ప్రో" అని తోక తగిలించి తిరిగిచ్చారు. 2011లో థండర్‌బోల్ట్ వచ్చింది. 2012లో థండర్‌బోల్ట్ నుంచి ఫైర్‌వైర్‌కి అడాప్టర్ అమ్మారు. 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో టైప్-సీ ఆకారపు థండర్‌బోల్ట్ 3 తప్ప మరేమీ మిగల్చలేదు, ఇయర్‌ఫోన్ కన్నం తప్ప. అప్పుడేం చేశాడు మన ఫైర్‌వైర్ భక్తుడు? కొత్త థండర్‌బోల్ట్ నుంచి పాత థండర్‌బోల్ట్‌కి ఒక అడాప్టర్. దాన్నుంచి ఫైర్‌వైర్ 800కి ఇంకో అడాప్టర్. దాన్నుంచి 400కి ఒక కేబుల్. దాని చివర్న సౌండ్ కార్డ్. బల్ల మీద తెల్లటి తోక వేలాడేసుకుని, అది ఎక్కడ ఊడుతుందోనని ఊపిరి బిగబట్టి పాట రికార్డ్ చేశాడు. పని చేసింది కూడా!

2025లో మ్యాక్‌ఓఎస్ టాహో వచ్చింది. ఫైర్‌వైర్ మద్దతు పూర్తిగా తీసేశారు. తోక ఎంత పొడవుగా కట్టినా ఇక ఫలితం లేదు.

ఆ పెట్టెలో చెడిపోయిందేమిటి? ఏమీ లేదు. ప్రీయాంప్ బాగుంది. అంకెలుగా మార్చే చిప్ బాగుంది. నాబ్‌లు బాగున్నాయి. ఇనుప డబ్బా ఇంకో పాతికేళ్ళు ఉంటుంది. కొన్ని వరసల సాఫ్ట్‌వేర్ లేక చెత్తయింది. ఏటా స్టేజీ ఎక్కి పర్యావరణం గురించి కళ్ళు చెమర్చే కంపెనీల నిర్వాకం ఇది. రీసైకిల్ చేసిన అల్యూమినియంతో లాప్‌టాప్ చేశామని చెప్పుకుంటారు. ఆ లాప్‌టాప్ పుణ్యాన చెత్త బండిలోకి పోయిన పెట్టెల ఇనుము ఎవరి ఖాతాలో రాస్తారు?

యూఎస్‌బీ వాళ్ళు క్షేమంగా ఉన్నారా? 2018లో లక్షలు పోసి కొత్త మ్యాక్‌బుక్ ప్రో కొన్నవాళ్ళని అడగండి. అందులో భద్రత కోసమని పెట్టిన టీ2 చిప్ పుణ్యమా అని యూఎస్‌బీ సౌండ్ కార్డులు మధ్యమధ్యలో నత్తి కొట్టాయి. సరిదిద్దే అప్‌డేట్ 2019 మార్చిలో వచ్చింది. అప్పటిదాకా ఎంతమంది మంచి కేబుళ్ళని పారేసి కొత్తవి కొనుంటారు! విండోస్‌లో అయితే వైఫై డ్రైవర్ ఒకటి చాలు రికార్డింగ్ నాశనం చేయడానికి. అది మధ్యలో లేచి ప్రాసెసర్‌ని పట్టుకుంటుంది, ఆడియో వరసలో నిలబడుతుంది, టప్! లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి, దొంగ పేరు తెలుస్తుంది. చాలాసార్లు ఆ దొంగ లాప్‌టాప్‌తోపాటు వచ్చినవాడే.

స్టేజీ మీదికొద్దాం. పెళ్ళి సంగీత్. కీబోర్డ్ కుర్రాడు లాప్‌టాప్‌లో ట్రాకులు పెట్టుకున్నాడు. ఫంక్షన్ హాలులో ఎర్తింగ్ దేవుడికే తెలియాలి. చార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్యిమని హమ్మింగ్. చార్జర్ తీస్తే లాప్‌టాప్ పొదుపు మోడ్‌లోకి జారుకుని ప్రాసెసర్ వేగం తగ్గించి టప్ టప్. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి "ఏంటి బాబూ ఈ గోల?" అంటాడు. ఈ హమ్మింగ్‌కి మందు మధ్యలో ఐసొలేషన్ ఉన్న ఒక డీఐ బాక్స్. ఈ టప్ టప్‌కి మందు పవర్ సెట్టింగుల్లో ఒక మార్పు. 40 గిగాబిట్లు కాదు. స్టేజీ మీద నా ఓటు పాత చదరపు యూఎస్‌బీ పిన్నుకే. ప్రింటర్‌కి పెట్టే ఆ మొద్దు పిన్ను ఎవరో కాలు తగిలించినా అంత తేలిగ్గా ఊడదు. సన్నటి టైప్-సీ చూడముచ్చటగా ఉంటుంది, కోలాటం మొదలయ్యేదాకా.

న్యాయంగా చెప్పాలంటే కొత్త తీగలతో పనే లేదని కాదు. కరెంటు ఒక నిజమైన కారణం. యూఎస్‌బీ 2.0 కన్నం 2.5 వాట్లిస్తుంది, 3.0 అయితే 4.5. రెండు కండెన్సర్ మైకులకి 48 వోల్టులిచ్చి, హెడ్‌ఫోన్ గట్టిగా మోగించాలంటే ఆ తేడా తెలుస్తుంది. ముప్ఫై మైకులతో ఆర్కెస్ట్రా రికార్డ్ చేసేవాళ్ళకీ, పెట్టెలోనే ఎఫెక్టుల చిప్పులున్నవి వాడేవాళ్ళకీ థండర్‌బోల్ట్ అక్కరకొస్తుంది. కొనుక్కోండి, ఎవరొద్దన్నారు? అయితే జర్మనీ కంపెనీ ఆర్‌ఎంఈ తన యూఎఫ్‌ఎక్స్ త్రీ పెట్టెలో 94 చానళ్ళు లోపలికి, 94 బయటికి మామూలు యూఎస్‌బీ 3 మీదే నడుపుతోంది. డ్రైవర్ సొంతంగా, శ్రద్ధగా రాసుకున్నారు కాబట్టి. మిగతావాళ్ళకి చేతులు లేవా?

మన వాటా కూడా ఉంది లెండి. పది నిమిషాల యూట్యూబ్ సమీక్షలో ఏడు నిమిషాలు డబ్బా కోయడం, రెండు నిమిషాలు రంగు పొగడడం, ఒక నిమిషం "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది ఫ్రెండ్స్". 64 బఫర్‌లో పెట్టి ముప్ఫై ట్రాకులు నడిపి చూపించిన మహానుభావుణ్ణి ఎక్కడైనా చూశారా? చూసినా మనం లైక్ కొట్టామా? బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు, క్రాక్ కొట్టిన ప్లగిన్లు, నిండిపోయిన డిస్కు. వీటిని అలాగే ఉంచి "నాకు థండర్‌బోల్ట్ ఉంటేనా!" అని నిట్టూరుస్తున్నంతకాలం వాళ్ళు అమ్ముతూనే ఉంటారు.

కాబట్టి ఈసారి కొట్టుకెళ్తే కన్నం గురించి అడగకండి. మీ లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. ఈ పెట్టెకి సొంత డ్రైవర్ ఉందా, చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో కంపెనీ సైట్‌లో చూపించమనండి. అక్కడే తగిలించి, బఫర్ 64లో పెట్టి, పది నిమిషాలు వాయించి చూపించమనండి. టప్‌మన్నా, అసలు కుదరదన్నా, పర్సు మాత్రం బయటికి తీయకండి.